ల్యాప్‌టాప్‌కి మౌస్ ప్యాడ్: పల్చటిదా, గట్టిదా, పెద్ద మ్యాటా... ఏది మేలు?

మౌస్ ప్యాడ్ కొనేటప్పుడు చాలామంది రంగు చూస్తారు, బొమ్మ చూస్తారు, ఇంకాస్త శ్రద్ధ ఉన్నవాళ్లు మెత్తగా ఉందో లేదో నొక్కి చూస్తారు. ఒకే బల్ల మీద ఏళ్ల తరబడి ఉండే డెస్క్‌టాప్‌కి ఆ మాత్రం చూస్తే చాలు. ల్యాప్‌టాప్‌కి చాలదు. ల్యాప్‌టాప్ పొద్దున బల్ల మీద ఉంటుంది, సాయంత్రానికి ఒళ్లోకి వస్తుంది, మర్నాడు ప్రయాణంలో ఉంటుంది. ప్యాడ్ కూడా దాని వెంట రావాలి. బ్యాగులో దాని పక్కనే ఇమడాలి. దాని మూత మీద గీతలు పడనివ్వకూడదు, అడుగున గాలి ఆడే దారికి అడ్డం రాకూడదు. అందుకని ఇక్కడ మౌస్ సుఖం ఎంత ముఖ్యమో ల్యాప్‌టాప్ క్షేమం కూడా అంతే ముఖ్యం. ఈ పోలికంతా నేను ఆ రెండింటినీ కలిపే చేస్తున్నాను.

మన ముందున్నవి ముఖ్యంగా నాలుగు: ఒకటి రెండు మిల్లీమీటర్ల పల్చటి గుడ్డ ప్యాడ్, ప్లాస్టిక్‌తోనో అల్యూమినియంతోనో చేసిన గట్టి ప్యాడ్, ల్యాప్‌టాప్‌ని కూడా పైన పెట్టుకునేంత పెద్ద డెస్క్ మ్యాట్, ఒళ్లో పెట్టుకునే పలకకే అతికించి వచ్చే ప్యాడ్. జెల్ దిండు ఉన్నవీ, మడత పెట్టేవీ కూడా ఉన్నాయి గానీ, వాటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు.

అసలు ప్యాడ్ కావాలా?

బంతి ఉన్న పాత మౌస్‌లకు ప్యాడ్ లేకపోతే పని జరిగేది కాదు. నున్నటి బల్ల మీద బంతి దొర్లకుండా జారిపోయేది, దానికి పట్టు కావాలి. 1980ల మొదట్లో వచ్చిన ఆప్టికల్ మౌస్‌ల (బంతి బదులు వెలుతురుతో కదలికను గుర్తించేవి) సంగతి మరీ కష్టం. మౌస్ సిస్టమ్స్ కంపెనీ చేసినది, గళ్లు అచ్చు వేసిన ప్రత్యేకమైన లోహపు పలక మీదే నడిచేది. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాక మామూలు బల్ల మీద కూడా ఆప్టికల్ మౌస్ హాయిగా నడవడం మొదలైంది.

ఇప్పటి మౌస్ అడుగున ఒక చిన్న కెమెరా ఉంటుంది. అది కింద ఉన్న ఉపరితలాన్ని సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోకీ మరో ఫొటోకీ మధ్య గరుకులు, చుక్కలు ఎటు జరిగాయో చూసి కర్సర్‌ని అటు నడుపుతుంది. అంటే దానికి కావలసిందల్లా కంటికి సరిగా కనిపించని సన్నటి గరుకుదనం. మామూలు చెక్క బల్లకి అది ఉంటుంది. గాజుకీ, అద్దంలా మెరిసే పాలిష్ బల్లలకీ ఉండదు. అందుకే వాటి మీద కర్సర్ ఎగిరిపడుతుంది, లేదా నిలబడిపోతుంది. గాజు మీద నడవడానికే లాజిటెక్ 2009లో డార్క్‌ఫీల్డ్ అనే సెన్సర్ తెచ్చింది. దానికి కూడా గాజు కనీసం 4 మి.మీ. మందం ఉండాలి.

కాబట్టి ఎప్పుడూ ఒకే చెక్క బల్ల దగ్గర కూర్చుని, మౌస్ బాగా నడుస్తుంటే ప్యాడ్ కొనకపోయినా నష్టం లేదు. కానీ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు ఏ రోజు ఏ బల్ల దొరుకుతుందో తెలియదు. ఒక చోట గాజు, మరో చోట తళతళలాడే తెల్ల బల్ల, ఇంకో చోట గరుకు సిమెంటు గట్టు. ఎక్కడికి వెళ్లినా మౌస్ ఒకేలా నడవాలంటే, దాని కింద ఉండే జాగాని మనమే మోసుకెళ్లాలి. ల్యాప్‌టాప్‌తో ప్యాడ్ వాడటానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు కనిపించదు.

ఎంత పెద్దది కావాలి?

ఇక్కడే ఎక్కువమంది అవసరానికి మించి కొంటారు. చిన్న లెక్క వేసి చూడండి. 1000 డీపీఐ మౌస్ అంటే, యాక్సిలరేషన్ (చెయ్యి వేగాన్ని బట్టి కర్సర్ వేగం పెరగడం) లేకుండా, ఒక అంగుళం కదిలితే కర్సర్ 1000 పిక్సెళ్లు కదులుతుంది. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ వెడల్పు 1920 పిక్సెళ్లు. అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్లడానికి మౌస్ రెండు అంగుళాల లోపే, సుమారు 4.9 సెం.మీ. కదిలితే చాలు. 4కే స్క్రీన్ అయినా 9.8 సెం.మీ. దాటదు. మౌస్ వెడల్పు మరో ఆరేడు సెంటీమీటర్లు కలుపుకున్నా 20 సెం.మీ. వెడల్పు ప్యాడ్ ఆఫీసు పనికీ, చదువుకీ ధారాళంగా సరిపోతుంది.

గేమ్‌లు ఆడేవాళ్ల సంగతి వేరు. గురి తప్పకూడదని వాళ్లు కావాలనే మౌస్ వేగం తగ్గించుకుని, మోచేతి నుంచి చెయ్యంతా కదుపుతారు. వాళ్లకు పెద్ద ప్యాడ్ నిజంగానే అవసరం. మిగతావాళ్లకు చోటు చాలడం లేదనిపిస్తే పెద్ద ప్యాడ్ కొనేముందు సెట్టింగ్స్‌లో కర్సర్ వేగం కాస్త పెంచి చూడటం మంచిది.

పల్చటి గుడ్డ, గట్టి పలక: అసలు పోటీ ఇదే

గుడ్డ ప్యాడ్ అంటే పైన పాలియెస్టర్ లాంటి నేత, అడుగున రబ్బరు. నేతలో ఉండే సన్నటి గరుకు సెన్సర్‌కి బాగా అందుతుంది. మౌస్ జారుతుంది, కానీ చెయ్యి ఆపిన చోట ఆగుతుంది కూడా. ఎక్సెల్‌లో చిన్న గడి మీద క్లిక్ చేయాలన్నా, ఫొటో అంచు పట్టుకుని లాగాలన్నా ఈ ఆగడమే కావాలి. గట్టి ప్యాడ్ మీద మౌస్ చాలా తేలిగ్గా జారుతుంది. మొదటి రోజు అది ఎంతో బాగుంటుంది. సన్నటి పని చేసేటప్పుడు మాత్రం గురి దాటి ముందుకు వెళ్లిపోతూ ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవాలి. అలవాటు పడితే కొంత సర్దుకుంటుంది గానీ, పూర్తిగా పోదు.

చప్పుడు కూడా తేడానే. గట్టి ప్యాడ్ మీద మౌస్ గీరుకునే శబ్దం వస్తుంది. లైబ్రరీలోనో, పిల్లలు నిద్రపోయిన గదిలోనో అది బాగా వినబడుతుంది. గుడ్డ మీద దాదాపు వినబడదు. మౌస్ అడుగున ఉండే జారుడు బిళ్లలు కూడా గట్టి గరుకు పలక మీద త్వరగా అరిగిపోతాయి.

గట్టి ప్యాడ్‌కి న్యాయం చేయాలంటే రెండు మాటలు చెప్పాలి. ఒకటి శుభ్రత. కాఫీ ఒలికినా, చెమట పట్టినా తడిగుడ్డతో తుడిస్తే అయిపోయింది. గుడ్డ ప్యాడ్ అన్నిటినీ పీల్చుకుంటుంది, చెయ్యి ఆనే చోట నల్లబడుతుంది. రెండోది, కింద ఏమున్నా అది పట్టించుకోదు. సోఫా చేతి మీద, పరుపు మీద, మోకాలి మీద కూడా పలకలాగే ఉంటుంది. పల్చటి గుడ్డ ప్యాడ్‌ని పరుపు మీద పరిస్తే మౌస్ కింద కుంగుతూ, ముడతలు పడుతూ ఉంటుంది. దాంతో పని చేయలేం.

బ్యాగులోకి వచ్చేసరికి గుడ్డదే పైచేయి. ఒకటి రెండు మి.మీ. మందం, అతి తక్కువ బరువు, చుట్టి పెట్టొచ్చు, పుస్తకాల మధ్య జారవిడవొచ్చు. అల్యూమినియం ప్యాడ్‌కి అంచులు ఉంటాయి. ల్యాప్‌టాప్‌తో పాటు ఒకే అరలో పెడితే నడిచే ప్రతి అడుగుకీ ఆ అంచు మూత మీద రాసుకుంటుంది. దానికి వేరే అర ఉండాల్సిందే. చలికాలం పొద్దున్నే దాని మీద మణికట్టు ఆనిస్తే చల్లగా తగులుతుంది కూడా.

బల్ల దగ్గరే కూర్చునేవాళ్లు కళ్లు మూసుకుని గుడ్డది తీసుకోవచ్చని నా అభిప్రాయం. అందులో కూడా అడుగున నిజంగా పట్టు ఉండే రబ్బరు ఉన్నదీ, అంచులు కుట్టినదీ అయితే మంచిది. కుట్టు లేకపోతే కొన్నాళ్లకు నేత రబ్బరు నుంచి విడిపోయి పీచులు లేస్తుంది. కాకపోతే మరీ పల్చటి ప్యాడ్లలో కుట్టు ప్యాడ్ కన్నా ఎత్తుగా ఉండి చేతికి గుచ్చుకుంటుంది. అలాంటిది అయితే కుట్టు లేనిదే నయం.

పెద్ద డెస్క్ మ్యాట్

80 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉన్న మ్యాట్ మీద 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ కూడా పడుతుంది. ఆ సైజు ల్యాప్‌టాప్‌లు సుమారు 36 సెం.మీ. వెడల్పు ఉంటాయి కాబట్టి పక్కన మౌస్‌కి బోలెడు చోటు మిగులుతుంది. చూడటానికి బల్ల నీటుగా ఉంటుంది, ల్యాప్‌టాప్ జరగదు, ముంజేయి బల్ల అంచుకి ఒరుసుకోదు.

కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. చాలా ల్యాప్‌టాప్‌లు చల్లగాలిని అడుగు నుంచే పీల్చుకుంటాయి. అడుగున ఉన్న చిన్న రబ్బరు కాళ్ల ఎత్తే ఆ గాలికి దారి. ఆ ఎత్తు కొన్ని మిల్లీమీటర్లకి మించదు. మెత్తటి, మందమైన మ్యాట్ మీద పెడితే ఆ కాళ్లు కాస్త కుంగుతాయి, ఉన్న దారి ఇంకా ఇరుకవుతుంది. దానికి తోడు గుడ్డ మీద చేరిన దుమ్ము, నూగు నేరుగా ఫ్యాను నోటి ముందే ఉంటాయి. తేలికపాటి పనులకు ఇది తెలియకపోవచ్చు. వీడియో ఎడిటింగ్, గేమ్‌లు లాంటి బరువు పనులు చేస్తే ఫ్యాను గోల పెరగడం బట్టి తెలుస్తుంది. డెస్క్ మ్యాటే కావాలనుకుంటే రెండు మి.మీ. దాటని గట్టి నేతది, లేదా తోలు లాంటి నున్నటిది తీసుకుని ల్యాప్‌టాప్‌ని స్టాండు మీద పెట్టండి. ల్యాప్‌టాప్ ఇంటి నుంచి కదలని వాళ్లకే ఇది తగిన వస్తువు. మోసుకెళ్లేవాళ్లకు ఎంత చుట్టినా బరువే.

ఒళ్లో పెట్టుకునే పలక

మంచం మీదో సోఫాలోనో పని చేసేవాళ్లు ల్యాప్‌టాప్‌ని నేరుగా దుప్పటి మీద పెట్టడం కన్నా ఈ పలక వాడటం వెయ్యి రెట్లు మేలు. గాలి రంధ్రాలు మూసుకుపోవు, తొడల మీద వేడి తగలదు. అయితే దానికే ప్యాడ్ అతికించి వచ్చేవి కొనేటప్పుడు మూడు చూడాలి. మొదటిది వెడల్పు. 36 సెం.మీ. ల్యాప్‌టాప్, దాని పక్కన 20 సెం.మీ. మౌస్ జాగా, మొత్తం 56 సెం.మీ. కావాలి. అంతకన్నా చిన్నదైతే మౌస్ అంచు మీద వేలాడుతూ ఉంటుంది. రెండోది ఎటువైపు. ప్యాడ్ కుడివైపే అతికించి ఉంటే ఎడమచేతి వాళ్లకు అది పనికిరాదు. మూడోది వాలు. ఒళ్లో పలక కాస్త వాలుగానే ఉంటుంది. ప్యాడ్ నున్నగా ఉంటే చెయ్యి తీయగానే మౌస్ కిందికి జారి పడుతుంది. అందుకే నన్ను అడిగితే ప్యాడ్ లేని మామూలు వెడల్పు పలక కొనుక్కుని, దాని మీద మన పల్చటి గుడ్డ ప్యాడ్ పరుచుకోమంటాను. ఎడమైనా కుడైనా మార్చుకోవచ్చు, బయటికి వెళ్లేటప్పుడు ప్యాడ్ ఒక్కటే తీసుకెళ్లవచ్చు.

జెల్ దిండు, మడత, అయస్కాంతం

జెల్ దిండు మెత్తగా ఉంటుంది కదా అని మణికట్టు దాని మీద ఆనించే మౌస్ తిప్పుతుంటాం. అలా చేస్తే అరచేతి మొదట్లో నరం వెళ్లే ఇరుకు చోటు మీదే ఒత్తిడి పడుతుంది. అది మౌస్ తిప్పడం ఆపినప్పుడు చెయ్యి ఆనించుకోవడానికే, తిప్పుతున్నప్పుడు కాదు. పైగా బ్యాగులో అది ఎత్తుగా అడ్డం పడుతుంది. ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు నేను దీన్ని చెప్పను. మడత పెట్టే ప్యాడ్లలో మడత గీత దగ్గర మౌస్ ప్రతిసారీ తడబడుతుంది, అవీ వద్దు.

మౌస్‌నో ఫోన్‌నో ఛార్జ్ చేసే ప్యాడ్లలో కొన్నిటికి అయస్కాంతాలు ఉంటాయి. ల్యాప్‌టాప్ మూత మూసినట్టు తెలుసుకునేది సాధారణంగా అయస్కాంతం ద్వారానే. అలాంటి ప్యాడ్ మీద ల్యాప్‌టాప్ పెడితే ఉన్నట్టుండి స్క్రీన్ ఆరిపోయి నిద్రలోకి వెళ్లిపోవచ్చు. మెషీన్ పాడైందని కంగారు పడకుండా ముందు ప్యాడ్‌ని దూరంగా జరిపి చూడండి.

స్క్రీన్‌కీ కీబోర్డుకీ మధ్య పెట్టొచ్చా?

పల్చటి ప్యాడ్ దొరికిందని చాలామంది దాన్ని కీబోర్డు మీద పరిచి మూత మూసేస్తారు. చూడటానికి తెలివైన పనిలాగే ఉంటుంది, కానీ దయచేసి చేయకండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో మూతకీ కీబోర్డుకీ మధ్య ఖాళీ అతి తక్కువ. మ్యాక్‌బుక్ కెమెరా మీద అతికించే మూత కూడా మామూలు ప్రింటర్ కాగితం కన్నా, అంటే 0.1 మి.మీ. కన్నా మందంగా ఉండకూడదని ఆపిల్ చెబుతుంది. ఒక మి.మీ. ప్యాడ్ అంటే దానికి పది రెట్లు. బ్యాగులో పైనుంచి ఏ పుస్తకమో నొక్కితే ఆ ఒత్తిడంతా స్క్రీన్ మీదే. స్క్రీన్ తుడుచుకోవడానికి కూడా పనికొస్తుందని అమ్మే మైక్రోఫైబర్ ప్యాడ్లు నిజంగా కాగితమంత పల్చగా ఉంటే తప్ప లోపల పెట్టొద్దు. బల్ల మీద పరిచిన దానితో స్క్రీన్ తుడవడం కూడా మంచిది కాదు, దానికి అంటుకున్న ఇసుక రేణువు చాలు గీత పడటానికి.

గుడ్డ ప్యాడ్‌ని గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బుతో చేత్తో రుద్ది, పిండకుండా తువ్వాలుతో అద్ది నీడలో ఆరేయండి. ఎండలో పెడితే రబ్బరు బిరుసెక్కుతుంది. పూర్తిగా ఆరకుండా ల్యాప్‌టాప్ పక్కన పెట్టకండి. చుట్టేటప్పుడు గుడ్డ వైపు బయటికి, రబ్బరు లోపలికి ఉండేలా చుట్టండి. అప్పుడు విప్పి పరిచినప్పుడు అంచులు పైకి లేవకుండా బల్లకి అంటుకుని ఉంటాయి.