గ్రహాల రంగులు కంటికి కనిపిస్తాయా? అనంతపురం మిద్దె మీద ఐదేళ్లు

2020 నవంబరులో ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (అద్దంతో పనిచేసే, చేత్తో తిప్పుకునే) టెలిస్కోపు కొన్నాను. అద్దం వ్యాసం 203 మిల్లీమీటర్లు, నాభ్యంతరం (అద్దం నుంచి కాంతి ఒకచోట చేరే దూరం) 1200. అంతకు ముందు నా దగ్గర 70 మిల్లీమీటర్ల కటకంతో పనిచేసేది ఉండేది. అందులో గురుగ్రహం చుట్టూ ఊదారంగు అంచు కనిపించేది. అన్ని రంగుల కాంతినీ కటకం ఒకే చోట చేర్చలేకపోవడం వల్ల పుట్టే అంచు అది, గ్రహానిది కాదు. అద్దానికి ఆ దోషం లేదు. గ్రహాల సొంత రంగు చూడాలన్న పట్టుదలతోనే దీనికి మారాను.

రెండు నెలలు తిరగకుండానే అదృష్టం పట్టింది. డిసెంబరు 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు దూరానికి చేరుకున్నారు. ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కటకంలో, ఇద్దరూ పక్కపక్కనే! విడిగా చూసినప్పుడు రెండింటికీ నోటుపుస్తకంలో ‘లేత పసుపు’ అనే రాసుకున్నాను. పక్కపక్కన పెట్టి చూస్తే గురుడు మీగడ తెలుపు, శని ఎండుగడ్డి పసుపు. మా అమ్మ కూడా కన్ను పెట్టి చూసింది. గుడిలో నవగ్రహాలకు కట్టే బట్టలే ఆమెకు గుర్తు. “శని నల్లగా ఉంటాడనుకున్నాను కదా నాయనా, ఈయనకూ పసుపు బట్టే కట్టాలి” అంది.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు, ఎప్పుడూ 200 రెట్లు పెంచి చూడటం. పెంపు రెట్టింపైతే అదే కాంతి నాలుగు రెట్ల వైశాల్యం మీద పరచుకుంటుంది. బొమ్మ పెద్దదవుతుంది కానీ రంగు పలచబడుతుంది. గురుడికి ఇప్పుడు 120 దాటను. ఇక చీకటి సంగతి. నీహారికల కోసం చీకట్లో అరగంట కూర్చోవాలి, గ్రహాలకు అలా కూర్చోకూడదు. కంటిలో రంగును గుర్తించే కణాలు వెలుతురులోనే బాగా పనిచేస్తాయి. మెట్ల దగ్గర దీపం వెలిగించి ఉంచడం మొదలుపెట్టాక, అంతవరకు బూడిదరంగుగా తోచిన గురుడి పట్టీలు గోధుమరంగుకు తిరిగాయి. ఫిల్టర్ల కోసం డబ్బు పెట్టవద్దు. నీలం ఫిల్టరుతో పట్టీలు స్పష్టమయ్యాయి, నిజమే. కానీ గ్రహమంతా నీలమైపోయాక చూడటానికి రంగేది?

మన ఊరు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం పెద్ద వరం. గ్రహాలు వృషభ, మిథున రాశుల్లో ఉన్నప్పుడు దాదాపు నడినెత్తికి వస్తాయి. దిక్చక్రం దగ్గర ఉన్న గ్రహానికి మన గాలే పట్టకంలా పనిచేసి, ఒక అంచున ఎరుపు, మరో అంచున నీలం పులుముతుంది. శుక్రుడిలో రంగులు చూశామని చెప్పేవారు చాలావరకు చూసేది దీన్నే. 2022 డిసెంబరులో కుజుడు భూమికి దగ్గరగా, బాగా ఎత్తున ఉన్నప్పుడు పండిన బొప్పాయి రంగులో నిండుగా కనిపించాడు. సిర్టిస్ మేజర్ మచ్చ ఆకుపచ్చగా తోచింది. నిజానికి అది బూడిదరంగే, చుట్టూ ఉన్న నారింజరంగు కంటిని అలా మోసగిస్తుంది. గురుడి ఎర్ర మచ్చ మాత్రం పేరంత ఎరుపు కాదు, జామపండు లోపలి గులాబీ అనుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. గ్రహం సరిగ్గా నడినెత్తిన ఉంటే డాబ్సోనియన్‌ను తిప్పడం చాలా కష్టం, కాస్త వాలేదాకా ఆగాలి. మిద్దె మీద పరిచిన కడప బండలు పగలంతా ఎండ తాగి అర్ధరాత్రి దాకా వేడి కక్కుతాయి, ఆ సెగకు గ్రహం నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. వేసవిలో తెల్లవారుజామునే చూస్తాను. ఆషాఢం గాలికి గొట్టం నిలవదు. టెలిస్కోపుతో పాటు వచ్చిన 10 మిల్లీమీటర్ల ఐపీస్ నాసిరకం, మార్చుకున్నాను. అద్దాన్ని ఐదేళ్లలో ఒక్కసారే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను.

యురేనస్ చిన్న చుక్కంత బిళ్ల, లేత నీలి ఆకుపచ్చ. అక్కడి మీథేన్ వాయువు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది. నెప్ట్యూన్ ముదురు నీలంగా ఉంటుందని వాయేజర్-2 వ్యోమనౌక తీసిన 1989 నాటి చిత్రాలు చూసి నమ్మాను. 2022లో చూసిన రాత్రి నోటుపుస్తకంలో ‘పాలిపోయిన నీలం, యురేనస్ లాగే’ అని రాసి, నా కన్నే తప్పనుకుని కొట్టేశాను. ఆ పాత చిత్రాల్లో నీలం గాఢంగా కనిపించేలా చేశారని, రెండు గ్రహాల అసలు రంగులూ చాలా దగ్గరగా ఉంటాయని 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ సంగతి తెలిసిన రాత్రే పుస్తకం తీసి, కొట్టేసిన మాటను దాని కిందనే మళ్లీ రాసుకున్నాను.