డ్వార్ఫ్ డెక్కా, హాబిట్ డెక్కా?

లార్డ్ ఆఫ్ ది రింగ్స్ కార్డ్ గేమ్‌లో ఒకే జాతితో డెక్ కట్టాలంటే ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. రెండింటికీ 3 హీరోలు, కనీసం 50 కార్డులు, ఒక్కో కార్డు గరిష్ఠంగా 3 ప్రతులు.

డ్వార్ఫ్‌లలో డాయిన్, థోరిన్, ఓరి. థ్రెట్ (శత్రువుల కంట్లో పడే ప్రమాదపు కొలత) 31తో మొదలు, కాబట్టి శత్రువులు తొందరగానే మీద పడతారు. బలం మాత్రం 5 డ్వార్ఫ్‌లు బల్లమీదికి వచ్చాకే: థోరిన్ అదనపు రిసోర్స్ (కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే టోకెన్), ఓరి అదనపు కార్డు ఇస్తారు. దగ్గరి దారి ఫీలి అనే డ్వార్ఫ్ కార్డు. 3 లీడర్‌షిప్ (కార్డుల వర్గాల్లో ఒకటి) రిసోర్స్‌లతో అతన్ని ఆడితే డెక్‌లోంచి కీలి ఉచితంగా వస్తాడు, లెక్క అయిదు. కీలి ముందే చేతిలోకి వచ్చేస్తే ఆ లాభం పోతుంది, అందుకే అతనివి 2 ప్రతులైనా పెట్టండి. చాలామంది తప్పు చేసేది డాయిన్ దగ్గర: అతను సిద్ధంగా ఉన్నంతసేపే డ్వార్ఫ్‌లందరికీ దాడిలో, విల్‌పవర్‌లో +1 ఉంటుంది; క్వెస్ట్‌కి (కథను ముందుకు నడిపే పనికి) పంపితే అది ఒక్కసారిగా మాయమవుతుంది. అతన్ని కదపకండి.

హాబిట్‌లలో శామ్, మెర్రీ, పిప్పిన్, థ్రెట్ 20. సీక్రసీ (థ్రెట్ 20 లేదా తక్కువుంటే కొన్ని కార్డులకు దొరికే తగ్గింపు) తొలి రౌండ్‌లోనే దొరుకుతుంది. రౌండ్ చివర థ్రెట్ 21 అవగానే 1 రిసోర్స్‌కి వచ్చే రిసోర్స్‌ఫుల్ (రౌండ్‌కో అదనపు రిసోర్స్ ఇచ్చే కార్డు) ధర 4 అవుతుంది. కనుక ఆరంభపు చేతిలో అది లేకపోతే ముల్లిగన్ చేయడమే (చేతిలోవి కలిపేసి కొత్తగా తీసుకోవడమే) మేలు. శత్రువు ఎంగేజ్‌మెంట్ విలువ (ఎంత థ్రెట్ దగ్గర అతనే మీ మీదికి వస్తాడో చెప్పే అంకె) మీ థ్రెట్ కంటే ఎక్కువైతే మీరే ఎదురెళ్లి ఎంగేజ్ అవ్వండి: శామ్ మళ్లీ సిద్ధమవుతాడు, పిప్పిన్ కార్డు తీస్తాడు. తక్కువ విలువ శత్రువులే ఎక్కువున్న సినారియోలో ఇవేవీ పనిచేయవు.

కొత్తవాళ్లకు డ్వార్ఫ్‌లే నా సలహా. ఇద్దరు ఆడుతుంటే హాబిట్‌లు పెద్ద శత్రువులను ఆపుతారు, డ్వార్ఫ్‌లు క్వెస్ట్ నడుపుతారు.