గుమ్మం దగ్గరా, బల్ల దగ్గరా: శాంతి చర్చల్లో మహిళలు

శాంతి చర్చల్లో మహిళల మాట చెల్లాలంటే బయటి నుంచి ఒత్తిడి తేవాలా, లోపల కుర్చీ సంపాదించాలా?

మొదటి దారికి పశ్చిమాఫ్రికాలోని లైబీరియాను చూడాలి. 2003లో అక్కడి అంతర్యుద్ధం ఆగాలంటూ, శాంతి ఉద్యమకారిణి లేమా బోవీ ముందుండి నడిపించగా క్రైస్తవ, ముస్లిం స్త్రీలు కలిసి, తెల్లబట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర ఎండనకా వాననకా కూర్చున్నారు. ఘనాలోని అక్రాలో చర్చలు వారాల తరబడి ఎటూ తేలకపోయేసరికి, అక్కడికీ వెళ్లి హాలు గుమ్మాలకు అడ్డంగా బైఠాయించారు. లోపలున్నది తుపాకులు పట్టిన వర్గాల ప్రతినిధులని తెలిసే ఆ పని చేశారు! ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. అయితే గుమ్మంలో కూర్చున్నవాళ్ల చేతిలో ఒప్పందం రాసే కలం లేదు.

ఫిలిప్పీన్స్‌లో ఆ కలం మహిళ చేతికి వచ్చింది. ప్రభుత్వ బృందానికి మిరియం కొరొనెల్ ఫెర్రర్ నాయకత్వం వహించి, 2014 మార్చి 27న దక్షిణాది ముస్లింల సాయుధ సంస్థ మోరో ఇస్లామిక్ విమోచన ఫ్రంట్‌తో బాంగ్సమోరో శాంతి ఒప్పందంపై సంతకం చేశారు. మహిళల రాజకీయ భాగస్వామ్యం, హింస నుంచి రక్షణ అందులో హక్కులుగా నమోదయ్యాయి.

ఒక్కటే ఎంచుకోమంటే నేను కుర్చీనే ఎంచుకుంటాను. కాగితంపై ఉన్న హక్కును రేపు నిలదీసి అడగవచ్చు. కానీ ఆ కుర్చీ దేశాధ్యక్షుడు నియమిస్తే వచ్చింది. మన్రోవియా స్త్రీలు ఎవరి నియామకం కోసమూ ఆగలేదు.