కారు షెడ్డుకు స్లాబా, రేకులా?

కడపలో ఇంటికి విడిగా కారు షెడ్డు కట్టాలంటే ఖర్చు తేలేది పైకప్పు దగ్గరే. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అనుకుందాం.

5 అంగుళాల స్లాబుకు 100 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. అంటే సుమారు 23 బస్తాల సిమెంటు, రెండు క్వింటాళ్ల పైచిలుకు కమ్మీ. సెంట్రింగ్, కూలీ వేరే. వారం పది రోజులు తడపాలి. వేసవిలో ఆ నీళ్లకే ట్యాంకర్ పిలవాల్సి రావచ్చు. పైన గది వేసే ఆలోచన ఉంటేనే ఇంత ఖర్చుకు అర్థం ఉంది.

లేకుంటే రేకులే నా ఓటు. ఇనుప గొట్టాల స్తంభాలు నిలిపి, రేకులు బిగిస్తే పని అయిపోతుంది. మన ఎండకు లోపల ఉడికిపోతుందన్నది నిజమే. పైన తెల్ల పూత వేసి, గోడకూ రేకుకూ మధ్య అడుగు ఖాళీ వదలండి, వేడిగాలి బయటికి పోతుంది. ఈదురుగాలికి కప్పు లేచిపోకుండా స్తంభాల అడుగు పలకలను కాంక్రీటు దిమ్మెలకు బోల్టులతో బిగించాలి. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

నేలకు ఏ షెడ్డులోనైనా టైల్స్ వద్దు. దగ్గర్లో దొరికే కడప నల్ల బండలను చక్రాలు తిరిగే రెండు పట్టీల మేరకు, కింద గట్టి కాంక్రీటు వేసి పరిచినా చాలు.