పోర్ట్స్‌మత్‌లో ఒక రోజు: నాన్నతో ఓడల మధ్య

మమ్మల్ని చూడటానికి అమ్మానాన్న లండన్ వచ్చినప్పుడు, వాళ్లను ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని రేవు పట్టణం పోర్ట్స్‌మత్ తీసుకువెళ్లి తీరాలని ముందే అనుకున్నాను. విశాఖ షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు వెల్డరుగా పనిచేసిన నాన్నకు రాజభవనాల కన్నా ఓడలంటేనే ప్రాణం.

లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నర పైచిలుకు ప్రయాణం. చివరి స్టేషన్ అయిన పోర్ట్స్‌మత్ హార్బర్‌లోనే దిగాలి. ఊరి పేరు కనబడింది కదా అని అంతకుముందు స్టేషన్‌లో దిగితే పెద్దవాళ్లను అనవసరంగా నడిపించినట్లే. హార్బర్ స్టేషన్ నుంచి పాత నౌకాస్థావరం గేటు పక్కనే.

అందరూ ముందు చూసేది హెచ్‌ఎంఎస్ విక్టరీ. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ప్రాణాలు విడిచింది ఈ ఓడలోనే. మరమ్మతుల కోసం చుట్టూ పరంజా కట్టడంతో బయటి నుంచి దాని రూపమే తెలియలేదు. లోపల పైకప్పు తలకు తగిలేంత కిందికి ఉంది, మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో అమ్మ మధ్యలోనే ఆగిపోయింది. వయసు మళ్లినవారు వెంట ఉంటే విక్టరీని వదిలేసి, ఆ సమయం మేరీ రోజ్ మ్యూజియంకు ఇవ్వమంటాను. అక్కడ లిఫ్టు ఉంది, కూర్చోవడానికి చోటూ ఉంది.

మేరీ రోజ్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక. 1545లో రాజు ఒడ్డున నిలబడి చూస్తుండగానే మునిగిపోయింది. ఓడలో సుమారు అయిదు వందల మంది ఉంటే, బతికి బయటపడినవారు 35 మంది కూడా లేరు. 1982 అక్టోబరులో దానిని పైకి తీశారు. ఇప్పుడు కనబడేది సగం ఓడే. నాన్న అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, "కుడిపక్కకు ఒరిగి బురదలో కూరుకుపోయింది కాబట్టి ఆ సగం మిగిలింది. బురద పైన ఉన్నదంతా పురుగులు తినేశాయి" అని మా పాపకు వివరించారు. పక్కనున్న ఫలకం మీద ఉన్నదీ అదే.

అమ్మ మాత్రం దువ్వెనల దగ్గర ఆగిపోయింది. నావికుల చెక్క దువ్వెనలవి, ఒకవైపు పళ్లు దూరంగా, రెండోవైపు దగ్గరదగ్గరగా. "ఇది మా అమ్మ పేల దువ్వెనే కదే!" అంది. వాటిలో కొన్నింటి పళ్ల మధ్య అప్పటి పేలు, ఈపులు ఇంకా ఉన్నాయట. రాజుల కత్తులు ఎన్ని చూసినా రాని దగ్గరితనం ఆ దువ్వెన చూస్తే వచ్చింది నాకు.

తిండి విషయం ముందే చూసుకోండి. మేము వెళ్లిన హోటల్లో శాకాహారమంటే ఉడికించిన బంగాళాదుంప ఒక్కటే, దానికీ నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోరే ఆదుకుంది.

ఇనుప యుద్ధనౌక వారియర్‌ను పైపైన చూసి, హార్బర్‌లో పడవ షికారుకు వెళ్లాం. ముప్పావుగంట సేపు నేటి యుద్ధనౌకల పక్క నుంచి తిప్పుతారు. డబ్బుకు తగిన విలువ దీనికే దక్కింది. 170 మీటర్ల స్పినకర్ టవర్ ఎక్కలేదు, అందుకు బాధా లేదు. రేవుకు అవతల గోస్పోర్ట్ వైపున్న జలాంతర్గామి మ్యూజియంకు సమయం చాలలేదు. మన ఆర్కే బీచ్‌లో కురుసుర ఎక్కినవాళ్లం కనుక సరిపెట్టుకున్నాం. అన్నీ చూడాలంటే పోర్ట్స్‌మత్‌లోనే సముద్రం ఒడ్డునున్న సౌత్‌సీలో ఒక రాత్రి బస చేయడమే మేలు.

సాయంత్రం ఓల్డ్ పోర్ట్స్‌మత్‌లోని రౌండ్ టవర్ ఎక్కాం. రేవు ముఖద్వారం సరిగ్గా దాని కిందే. యుద్ధానికి వెళ్లే ఓడలను జనం సాగనంపే చోటు అది. మేరీ రోజ్ పైకి తేలిన ఏడాదే, జులైలో, అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ యుద్ధం ముగించుకుని బ్రిటన్ విమాన వాహక నౌక హెర్మీస్ ఈ దారినే లోపలికి వచ్చింది. ఆ తర్వాత మనం కొనుక్కున్న విరాట్ అదే.

2016లో విశాఖ నౌకాదళ ప్రదర్శనకు విరాట్ వచ్చినప్పుడు బీచ్‌లో నిలబడి చూసిన సంగతి నాన్న పాపకు చెబుతున్నారు. దానిని విశాఖలోనే మ్యూజియంగా ఉంచుతారని మేమంతా ఆశపడ్డాం.

"మరి ఇప్పుడు ఆ ఓడ ఎక్కడుంది తాతయ్యా?"

"గుజరాత్‌లో అలంగ్‌కు తీసుకెళ్లి ముక్కలు చేసేశారమ్మా" అన్నారు నాన్న. రైలుకు వేళవుతోందని నేను రెండుసార్లు పిలిచాక గానీ కిందికి దిగలేదు.