చూలైలో పాత టేకు కొట్టు: అయస్కాంతం లేకుండా వెళ్ళకండి

ముందే చెప్పేస్తున్నా, కొట్టు పేరు రాయను. మెచ్చుకోవడానికి ఎంత ఉందో తిట్టడానికీ అంతే ఉంది, పైగా ఆ వరుసలో ఉన్న నాలుగైదు కొట్లదీ ఇంచుమించు ఒకటే తీరు. చెన్నైలో సైడెన్‌హామ్స్ రోడ్డు కలప షాపులు దాటి చూలై వైపు సందుల్లోకి తిరిగితే కూల్చేసిన ఇళ్ళ తలుపులు, కిటికీలు, దూలాలు గోడకి చేరేసి కనిపిస్తాయి, అక్కడ. నాలుగు నెలల్లో ఆరుసార్లు వెళ్ళాను. ఐదుకి మూడున్నర మార్కులు.

మా ఇల్లు పురసవాక్కంలో, మా మామగారి నాన్న కట్టించింది, వీధి గుమ్మం పైన సున్నంలో 1936 అని అంకెలున్నాయి. మద్రాస్ టెర్రస్ కప్పు. అంటే దగ్గర దగ్గరగా టేకు దూలాలు, వాటిమీద పలచటి చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేర్చి సున్నంతో అతికించడం, ఆపైన ఇటుక ముక్కల సున్నం దట్టించడం, ఆ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. మేలో మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో కూర్చోవచ్చు. కప్పుకి ఏమీ కాలేదు. పోయిందల్లా పెరటి గుమ్మం. పక్కనే నీళ్ళ తొట్టి, తొంభై ఏళ్ళుగా చిందిన నీళ్ళన్నీ ద్వారబంధం కాళ్ళే తాగాయి, రెండు నిలువు చెక్కలూ కింద జానెడు మేర మెత్తబడిపోయాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నానిన అటుకుల్లో దిగినట్టు దిగింది.

ఇద్దరు ఆచార్లని (వడ్రంగుల్ని) పిలిచాం. ఒకాయన మొత్తం ద్వారబంధం పీకేసి ఇనుప ఫ్రేము పెడదాం, 38 వేలవుతుంది అన్నారు. పీకాలంటే చుట్టూ సున్నపు గోడ పగలగొట్టాలి, ఆ సున్నం ఒకసారి కదిలిందంటే ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలీదు. రెండో ఆయన కొలతలు రాసుకుని వెళ్ళి మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. సరే, ఆరడుగుల చెక్కలో పాడైంది జానెడే కదా, ఆ జానెడు కోసేసి అతుకు వేస్తే చాలదా అని నేనే మొదలుపెట్టాను. అంతకు ముందు నేను చేసినవి ఒక షూ ర్యాకు, రెండు పీటలు. మా ఆయన పని పలక కదలకుండా పట్టుకోవడం.

అతుక్కి కొత్త టేకు కొనొచ్చు కదా అని అందరూ అడిగారు. ఇప్పుడొచ్చే తోట టేకు చాలావరకు చిన్న వయసు చెట్లది, తెల్ల చెక్క ఎక్కువ, చేవ తక్కువ, సరిగా ఆరిందో లేదో కొట్టువాడు చెప్పిందే నమ్మాలి. తొంభై ఏళ్ళు ఆరి కుదురుకున్న చెక్క పక్కన ఇంకా ఆరుతున్న చెక్క పెడితే ఒకటి ముడుచుకుంటుంది, రెండోది ముడుచుకోదు, అతుకు నోరు తెరుస్తుంది. ఆ రోజుల్లో మద్రాసుకి బర్మా టేకు ఓడల్లో వచ్చేది (మా అమ్మమ్మ రంగూన్ అనేది కాదు, రంగం అనేది). 1937 దాకా బర్మా మన బ్రిటిష్ ఇండియాలోనే ఉండేది. ఇప్పుడు మయన్మార్ దుంగల ఎగుమతి 2014 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. కాబట్టి పాత బర్మా టేకు కావాలంటే కూల్చిన ఇళ్ళే దిక్కు.

కొట్టు యజమానికి అరవై దాటి ఉంటాయి. నేను తమిళంలోనే మొదలుపెట్టాను, మా ఆయనతో తెలుగులో గొణిగింది విని "మనవాళ్ళేనామ్మా?" అని ఆయనా తెలుగులోకి దిగారు. మనవాళ్ళం అన్నాక ధర తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు, టీ వచ్చింది.

తర్వాత ప్రశ్న "ఆచారి రాలేదామ్మా?". నేనే చేస్తానన్నాను. ఆయన మా ఆయన మొహం చూశారు. కొలతలు నేను చెప్తుంటే జవాబులు మా ఆయనకి చెప్పారు, ఆయనకేమో రంపానికీ ఉలికీ తేడా కూడా అంతంతమాత్రం. మూడోసారి వెళ్ళినప్పుడూ అదే తంతు. దీనికి అర మార్కు కోశాను.

కానీ చెక్క తెలిసిన మనిషి, అందులో సందేహం లేదు. జేబులోంచి చిన్న కత్తి తీసి, ఆకుపచ్చ పెయింటు పెచ్చు లేచిన చోట అంగుళం మేర గీకి, ఆ పొట్టు నా అరచేతిలో పోసి వాసన చూడమన్నారు. పాత తోలు సంచీ తెరిచినట్టు ఒక వాసన, దానికింద కొంచెం నూనె వాసన. వేలితో నలిపితే జిడ్డు తగులుతుంది. అన్నేళ్ళ చెక్క, పైగా ఎక్కడో కూలిన ఇంట్లోంచి వచ్చి కొట్టు బయట ఎండకీ వానకీ పడి ఉన్నది, ఇంకా అందులో నూనె ఉంది! ఈలోగా కుర్రాడు ఇంకో నిలువు చెక్క తెచ్చి ఇదీ టేకే అన్నాడు. గీకితే వాసనే లేదు, ఎత్తితే బరువు. ఆయనే వాణ్ణి కసిరి "అది మద్ది, దాని ధర వేరు" అన్నారు. నాకు తెలిసేది కాదు, నమ్మి కొనేసేదాన్ని.

ధర ఘనపుటడుగు లెక్క. 2,800 అన్నారు, 2,600 దగ్గర తెగింది. ఇంటి దగ్గరే లెక్క వేసుకుని వెళ్ళండి, ఘనపుటడుగు అంటే 1,728 ఘనపుటంగుళాలు. ఆరడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న నిలువు చెక్క సరిగ్గా అర ఘనపుటడుగు, అంటే 1,300 రూపాయలు. ఇక్కడే తిరకాసు. టేపు ఈ చివర నుంచి ఆ చివరకి పెడతారు, మధ్యలో గడియ కోసం తొలిచిన బెజ్జం, కుసి (ఇంకో చెక్క కొస) దూర్చిన గుంట, కింద పుచ్చిన ఏడంగుళాలు, అన్నీ చెక్క కిందే లెక్క. 72 అంగుళాల్లో ఏడు అంటే దాదాపు పదో వంతు పుచ్చుకి డబ్బిచ్చాను. అడిగితే "పుచ్చు కోసి ఇవ్వమంటే ఇస్తానమ్మా, కొలత కోయకముందుదే" అన్నారు. ఇదేం న్యాయమో నాకర్థం కాలేదు. మీరు వెళ్తే బేరం ఆడాల్సింది రేటు మీద కాదు, పొడవు మీద, ఎందుకంటే రేటు ఓ మాదిరి కంటే తగ్గించడానికి వాళ్ళకి మనసొప్పదు గానీ, గట్టిగా అడిగితే పొడవులో అర అడుగు వదిలేస్తారు. నాకిది నాలుగోసారికి తెలిసింది.

ఇక మేకులు. "అన్నీ పీకేశాం" అని కుర్రాడు ఒట్టేసినంత పని చేశాడు. ఇంటికి తెచ్చి చిత్రిక పడుతున్నాను, రెండు పొరలు ఉల్లిపొర లాగా లేచాయి, లోపల బంగారు రంగు, చూడ్డానికే కడుపు నిండిపోయింది. మూడో తోపుకి కిర్రుమంది. తల తెగిన మేకు, చెక్క పైకి అస్సలు కనపడదు. తోపడ బ్లేడు అంచు నొక్కుకుపోయింది, గంటన్నర రాయి మీద నూరితే గానీ దారికి రాలేదు. ఆ సాయంత్రం పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్క్ విప్పాను, అందులో రెండు చిన్న అయస్కాంతాలుంటాయి, భలే బలమైనవి. ఒకదాన్ని దారానికి కట్టి చెక్క మీద తగిలీ తగలనట్టు నడిపిస్తే, మేకు ఉన్న చోట చటుక్కున వంగుతుంది. రెండో చెక్కలో పదకొండు దొరికాయి. ఇత్తడి స్క్రూలకి ఇది పనిచేయదు, అవి కంటితో వెతుక్కోవాలి. ఐదోసారి నేను కొట్లోనే దారం తీసి నిలబడితే యజమాని ఏమీ అనలేదు, ఆ అయస్కాంతం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

ఈ మేకుల వల్లే ఇంకో ఇబ్బంది, కొట్టువాళ్ళకి సొంత రంపం మిషను లేదు. పక్క సందులో మిల్లు ఉంది గానీ పాత చెక్క అనగానే చేతులడ్డం పెడతారు, ఒక్క మేకు తగిలినా పట్టీ రంపం పళ్ళు పోతాయి కాబట్టి వాళ్ళనీ తప్పుపట్టలేం. బ్లేడు పోతే ఖర్చు మీదేనంటే కోస్తాం అన్నారు. నేను ఒప్పుకోలేదు, చేత్తోనే కోశాను, ఒక్కో కోతకి ఇరవై నిమిషాలు, టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, రంపం పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. డెలివరీకి ఇక్కడివాళ్ళు కుట్టి యానై అనే చిన్న ట్రక్కు, 900, దించడానికి వేరే 200. రెండు చెక్కలే అయితే ఆటోలో అడ్డంగా పెట్టుకుని వచ్చేయొచ్చు, నేను అలాగే వచ్చాను, సిగ్నల్ దగ్గర పోలీసాయన ఒక చూపు చూశారు అంతే.

అతుకు సంగతి కూడా చెప్పాలి, సలహా కొట్టు యజమానిదే కాబట్టి. నేరుగా అడ్డంగా కోయొద్దు, మందానికి మూడింతల పొడవున ఏటవాలుగా కొయ్యి, ఆ వాలు బయట వైపు కిందికి దిగాలి, అప్పుడు నీళ్ళు అతుకులోకి పోకుండా బయటికి జారతాయి అన్నారు. మొదటిసారి ఎపాక్సీ పెట్టి రెండు రోజులు బిగించి ఉంచితే, విప్పగానే చేతిలోకి ఊడి వచ్చింది. తప్పు జిగురుది కాదు, నాది. టేకులో నూనె ఉంటుందని నా అరచేతిలోనే చూపించారు కదా, అతికించే ముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే ఆలస్యం చేయకుండా జిగురు పెట్టాలి. రెండోసారి పట్టింది. కాలు నేలకి తగలకుండా కింద కడప రాయి ముక్క పెట్టాను (మా పుట్టింటి రాయి, అక్కడ గడపకి వేస్తాం, ఇక్కడ వంటింటి గట్టుకి వేస్తారు), చెక్క అడుక్కి కూడా ఎపాక్సీ పూశాను.

ఆయన చెప్పిన ఇంకో మాట కూడా రాయాలి. మా వీధి తలుపు ప్రతి నవంబరులో బిగుసుకుపోతుంది. కిందటేడు ఒక ఆచారి వచ్చి అంచు చిత్రిక పట్టి వెళ్ళాడు, మే నెలకి ఆ సందులోంచి బల్లులు వస్తున్నాయి. "తలుపు నెత్తి మీద, అడుగున రంగు వేశారామ్మా?" అన్నారాయన. అద్దం పెట్టి చూస్తే రెండూ రంగు లేని ఒట్టి చెక్కే, 1936 నుంచి ఎవరూ వెయ్యలేదు! చెమ్మ పీల్చేది అక్కణ్ణుంచే ఎక్కువ, అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు మాత్రం మారదు. ఏప్రిల్లో దించి రెండు అంచులకీ పూత వేశాను. ఫలితం ఈ వానాకాలంలో తెలుస్తుంది.

పైకప్పు దూలాలు మాత్రం ముట్టుకోలేదు. ఒక దూలం చివర గోడలోకి దిగిన చోట నల్లగా కనపడుతోందని ఫోటో చూపిస్తే, ఆయన చెక్క అమ్మడానికి ప్రయత్నించలేదు, "అది మీ పని కాదు, మంచి మేస్త్రీని పిలవండి, ముందు కింద ఆనింపు పెట్టించండి" అన్నారు. అమ్ముకునేవాడు వద్దనడం నాకు నచ్చింది.

నచ్చని ఇంకో విషయం, పెయింటు గీకి ఇస్తామని కుర్రాళ్ళు మెషీన్‌తో పొడిగా రుద్దేస్తారు, ముక్కుకి గుడ్డ కూడా ఉండదు. మన దేశంలో ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు, అంతకు ముందు పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకి మరీ ప్రమాదం. నేను గీకకుండానే తెచ్చుకుని పెరట్లో తడిపి తడిపి గీకాను, ఆ తుక్కు సంచిలో కట్టేశాను. మీరూ అలాగే తెచ్చుకోండి.

వానలు మొదలయ్యాక వెళ్ళకండి, సగం చెక్క టార్పాలిన్ కింద తడిసే ఉంటుంది. ఇత్తడి మడతబందులు గోనె బస్తాలో పోసి కిలో లెక్కన ఇస్తారు, మా తలుపుకి జోడీ కుదిరేవి నాలుగు కావాలి, ఒళ్ళంతా చిలుము పట్టించుకుని మూడు వెతికాను. నాలుగోది ఆ బస్తా అడుగునే ఉంటుందంటారాయన. శనివారం మళ్ళీ వెళ్తున్నా.