మూడేళ్ల తర్వాత మా బీఎల్‌డీసీ ఫ్యాన్: ఐదు కన్నా మూడే నయం

పడకగదిలో బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటు తీసుకునే డీసీ మోటారు) సీలింగ్ ఫ్యాన్ బిగించి మూడేళ్లు దాటింది. మొదట్లో ఎప్పుడూ ఐదో స్పీడులోనే తిరిగేది. ఇప్పుడు మూడు దాటించడం తక్కువ.

ఒకరోజు ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, కరెంటు మీటరు మీద మెరిసే ఎర్ర లైటు ముందు వాచీ పట్టుకుని నిలబడ్డాను. మా మీటరులో ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఫ్యాన్ ఐదులో ఉంటే 38 సెకన్లకోసారి మెరిసింది, అంటే సుమారు 30 వాట్లు. మూడులో పెట్టాక ఎంతకీ మెరవదే! లైటు పోయిందేమో అనుకుంటుండగా 102వ సెకనులో మెరిసింది. అంటే 11 వాట్లే.

ఒక రెక్కకు ఎర్ర టేపు అంటించి, ఫోన్లో స్లోమోషన్ వీడియో తీసి చుట్లు కూడా లెక్కపెట్టాను. ఐదులో నిమిషానికి 350, మూడులో 240. వేగం మూడో వంతు కూడా తగ్గలేదు, కరెంటు మాత్రం మూడింట రెండు వంతుల దాకా తగ్గింది. ఎందుకంటే గాలి రెక్కల వేగంతో సమానంగా తగ్గుతుంది కానీ, దాన్ని తోయడానికి కావాల్సిన శక్తి వేగానికి ఘనం లెక్కన పడిపోతుంది. వేగం సగమైతే ఆ శక్తి ఎనిమిదో వంతు చాలు.

హాల్లోని పాత ఫ్యాన్‌కి ఇంత లాభం లేదు. రెగ్యులేటర్ ఐదు నుంచి మూడుకి తిప్పితే మెరుపుల మధ్య సమయం 15 సెకన్ల నుంచి 24కి పెరిగిందంతే. వేగం తగ్గించినప్పుడు ఆ మోటారు కొంత కరెంటును వేడి కింద తగలేస్తుంది.

మూడులో చప్పుడు బాగా తగ్గుతుంది, నిద్ర చెడదు. కానీ దోమతెర కడితే మూడు చాలదు. గాలి తోపు వేగానికి వర్గం లెక్కన తగ్గుతుంది కాబట్టి తెర దాటి లోపలికి రాదు, నాలుగు పెట్టాల్సిందే. ఆ నాలుగులోనే మా ఫ్యాన్ కాస్త ఊగుతుంది, ఐదులో ఊగదు! రెండో ఏడు రిమోట్ పాడై, కొత్తది వచ్చేదాకా వారం పాటు ఒకే స్పీడుతో సరిపెట్టుకున్నాం.

ఈమధ్య మూడులో గాలి తగ్గినట్టనిపిస్తే మోటారునే అనుమానించాను. చూస్తే రెక్కల అంచున వేలెడు మందాన దుమ్ము. తడిగుడ్డతో తుడిచాక కిటికీ కర్టెన్ మళ్లీ కదిలింది.